గరిసెకోటలో తైలాభిషేకం

సుగంధద్రోణి లోయలో తెల్లవారిన సంగతి కంటికన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది. కొండల మీది మంచు కరిగి జారుతుంటే ఒక్కొక్క మొక్కా ఒళ్ళు విరుచుకుని తన వాసన తాను వదులుతుంది. వాలులో నిమ్మగడ్డి, ఆ పైన మరువమూ దవనమూ, వాగు పొడుగునా నీలిపూల వావిలి పొదలు, బండల సందుల్లో అడవితులసి, కొమ్మలను పెనవేసుకున్న మిరియపు తీగలు, వీటన్నిటికీ గొడుగు పట్టినట్టు లవంగ వృక్షాలు. తేనెటీగలు ఏ పువ్వు మీద వాలాలో తేల్చుకోలేక గాలిలోనే ఉండిపోతాయి. ఇంత రమణీయమైన చోట ఆ ఉదయం ఒక ఆడమనిషి ఒక యువకుణ్ణి ఎడాపెడా తిడుతోంది.

"మంట తగ్గించరా మల్లా. ఆకును ఉడకబెట్టమన్నాను గానీ బూడిద చెయ్యమన్నానా?"

తిట్టే ఆవిడ పేరు దవనమ్మ. నలభై ఏళ్ళుగా ఆ లోయలో ఆకుల నుంచి, వేళ్ళ నుంచి తైలం దించుతున్న మనిషి. తిట్లు తింటున్నవాడు ఆమె అనుకుంటున్నట్టు పని వెతుక్కుంటూ వచ్చిన మల్లడు కాడు. శాలివాటి రాజ్యానికి రాజకుమారుడు మణికేతుడు. కత్తి పడితే పదిమందికి సరిజోడు గానీ, పొయ్యి దగ్గర మాత్రం ఒట్టి మొద్దు.

అతను మారువేషంలో రావలసిన అవసరం చిన్నది కాదు. శాలివాటి రాజధాని గరిసెకోట. పేరుకు తగ్గట్టే ఆ కోటలో మేడలకన్నా ఎత్తయిన తొమ్మిది ధాన్యపు గరిసెలు ఉన్నాయి. పురుగులను వశం చేసుకున్న ఘుణభైరవుడనే మాంత్రికుడు ఆ కోట మీదికి ఏనుగులనూ గుర్రాలనూ పంపలేదు. ముక్కపురుగులను పంపాడు. ఆవగింజంత ఒళ్ళు, దానికి ముందొక తొండం, లక్షల మీద లక్షలు. మూడు నెలల్లో ఎనిమిది గరిసెల వడ్లు పొట్టూ పిండీ అయిపోయాయి. ఇక మిగిలింది తొమ్మిదో గరిసె. అందులో కుంకుమశాలి విత్తనం ఉంది. లోకంలో మరెక్కడా మొలవని వరి అది.

శాలివాటిలో కిరీటానికి విలువ తక్కువ. ఏరువాక పున్నమి నాడు ఎవరి చెయ్యి తొలి పిడికెడు కుంకుమశాలి చల్లి మొలిపిస్తుందో ఆ చేతికే ఏడాదిపాటు రాజ్యం. తరతరాలుగా ఆ పిడికెడు రాజవంశం వారే చల్లుతున్నారు. ఇప్పుడు చల్లవలసిన చెయ్యి మణికేతుడి అక్క, మహారాణి హేమలేఖాదేవిది. ఘుణభైరవుడు ఎప్పుడో దొంగిలించిన ఒక పిడికెడు విత్తనాన్ని నడుముకు సంచిలో కట్టుకు తిరుగుతున్నాడు. గరిసెలోది కాస్తా పురుగుల పాలైతే, పున్నమి నాడు ఆ పిడికెడే రాజ్యానికంతటికీ దిక్కు, చల్లిన వాడే రాజు. ఏరువాకకు ఇంకా తొమ్మిది రోజులు. పురుగును తరిమే తైలం తేవడానికి బయలుదేరిన మణికేతుడి కోసం మాంత్రికుడి వేగులు దారులన్నీ వెతుకుతున్నారు. అందుకే అతను తలపాగా తీసి గోచీ బిగించి మల్లడయ్యాడు.

దవనమ్మ పని చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద రాగి బానలో ఆకూ నీళ్ళూ పోసి, మూతకు మట్టి మెత్తి, కింద సన్నని సెగ పెడుతుంది. ఆవిరి వెదురు గొట్టంలోంచి చల్లని వాగునీటి మధ్యగా పోయి, అవతల కొస నుంచి బొట్టుబొట్టుగా రాలుతుంది. రాలిన నీళ్ళ మీద తేలిన పలుచని తైలాన్ని కొంగ ఈకతో తీసి కంచుబుడ్డిలోకి విదిలిస్తుంది. ఆ ఉదయానికి నిమ్మగడ్డి తైలం, వావిలి తైలం సిద్ధమయ్యాయి. గరిసెకోట గోడు మల్లడి నోట విన్నాక, పురుగును చంపడం మాట అటుంచి, అది ఆ చుట్టుపక్కలకే రాకుండా చెయ్యాలంటే ఈ రెండూ బంట్లు మాత్రమేననీ, దళపతి వసవేరనీ, అది పంకాసురుడి బురదలోనే దొరుకుతుందనీ దవనమ్మ తేల్చి చెప్పింది.

మణికేతుడు పార భుజాన వేసుకుని బయలుదేరాడు. బురదమడుగు మధ్యన వస ఆకులు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. అతను మొదటి వేరు పెకలించాడో లేదో, మడుగులో సగం లేచి నిలబడింది. దానికి రెండు కళ్ళు, గుమ్మడికాయంత ముక్కు, తాటిమానుల్లాంటి చేతులు. రాజకుమారుడు కత్తి కోసం మొల తడుముకుని, మల్లడికి కత్తి ఉండదని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. మరుక్షణం రాక్షసుడి పిడికిట్లో ఉన్నాడు.

పంకాసురుడు అతన్ని నోటి దాకా తీసుకుపోయి ఆగాడు. వాడికి పన్నెండేళ్ళుగా పడిశం. ముక్కు దిబ్బడ వేసి ఏది తిన్నా మట్టి తిన్నట్టే ఉంటోందని, మనిషిని తినడంలో కూడా ఆనందం పోయిందని గొణిగాడు. వెనకే వచ్చిన దవనమ్మ ఈ గోడు విని, జడిసే ఘడియ దాటిపోయిందని గ్రహించి, బాన దగ్గరికి పోయి కాగుతున్న నీళ్ళ కుండ తెచ్చి వాడి ముందు దించింది. అందులో నాలుగు చుక్కలు నిమ్మగడ్డి తైలం వేసి, తన గొంగళి వాడి తల మీద కప్పి, ఊపిరి పీల్చమంది.

రాక్షసుడు పీల్చాడు. తర్వాత తుమ్మాడు. మొదటి తుమ్ముకు కప్పలు చెట్లెక్కాయి. మూడో తుమ్ముకు మణికేతుడు పిడికిట్లోంచి జారి వస పొదలో పడ్డాడు. ఏడో తుమ్ముతో ముక్కు తెరుచుకుంది. పన్నెండేళ్ళ తర్వాత పంకాసురుడికి మొట్టమొదట తగిలింది తన మడుగు కంపే. వాడి మొహం చూడాలి. ఛీ ఛీ అనుకుంటూ ఆకులన్నీ తొక్కుకుని నదికి స్నానానికి పరుగెత్తాడు. వాడు ఒళ్ళు రుద్దుకుంటున్నంతసేపట్లో వీళ్ళు గాడిద మోయగలిగినన్ని వేళ్ళు తవ్వుకున్నారు.

వేళ్ళను దంచి బానలో వేసి రెండు రోజులు విడవకుండా సెగ పెడితే, మూడు తైలాలూ కలిపి శేరున్నర బుడ్డి నిండింది. దవనమ్మ మూతకు మైనం పూసి బుడ్డిని కొంగున కట్టుకుంది. తన తైలం ఎలా వాడాలో పరాయివాళ్ళకు వదలనంటూ, రాగి బానను గాడిద మీద కెక్కించుకుని ఆవిడే బయలుదేరింది. కావలసి వస్తే కోటలోనే మళ్ళీ దించుకోవచ్చని ఆవిడ ధీమా.

ఆ ధీమా వెదురువంతెన దాకానే నడిచింది. భీమగర్త అనే ఆ అగాధం మీద పాములా వేలాడే వంతెన అది. కింద ఎక్కడో నది ఉందని హోరును బట్టి అనుకోవలసిందే. వాళ్ళు సగం దాటేసరికి కాళ్ళ కింద కరకరమని సన్నని చప్పుడు మొదలైంది. మణికేతుడు వంగి చూశాడు. వెదురు గడల నిండా బెజ్జాలు, ప్రతి బెజ్జంలోంచీ పసుపు పొడి రాలుతోంది. ఘుణభైరవుడి నుసిపురుగులు వంతెనను నమిలేస్తున్నాయి. వెనక గడలు అప్పటికే ఒక్కొక్కటే విరిగి జారిపోతున్నాయి.

పరుగెత్తమని దవనమ్మను తోశాడు. గాడిద మాత్రం నాలుగు కాళ్ళూ పాతేసి నిలబడింది. మణికేతుడు ఆవిడ కొంగు లాగి, బుడ్డి మూత పీకి, ముందున్న గడల మీదా పట్టుతాళ్ళ మీదా తైలం చిలకరించాడు. ఘాటు సోకగానే పురుగులు బెజ్జాల్లోంచి బిలబిలమని బయటపడి, ఎటు పోవాలో తెలియక గాలిలోకి దూకాయి. గాడిదకు కూడా ఆ వాసన నచ్చలేదు కాబోలు, ఒక్క ఉదుటున పరుగెత్తి పగ్గం పట్టిన ఇద్దరినీ అవతలి గట్టు మీదికి ఈడ్చి పడేసింది. ఆ కుదుపుకు కట్లు తెగి రాగి బాన అగాధంలోకి దొర్లింది. అది కొండకు తగులుతూ మోగుతూ పోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

దవనమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అది ఆవిడ తల్లి వాడిన బాన. ఇక మళ్ళీ దించుకోవడమనే మాట లేదు. బుడ్డిలో మిగిలిన శేరే శాలివాటికి దిక్కు.

ఏరువాకకు అయిదు రోజులుందనగా, పొద్దెక్కే వేళకు వాళ్ళు గరిసెకోట చేరారు. వాకిట్లో మణికేతుడు మసి కడుక్కుని రాజముద్ర ఉంగరం చూపగానే భటులు మోకాళ్ళ మీద వాలారు. దవనమ్మ అతన్ని పైకీ కిందికీ చూసింది.

"రాజకుమారుడివైతే అయ్యావులే. ముందు ఆ గాడిదకు నీళ్ళు పెట్టు."

అతను పెట్టాడు. అక్క హేమలేఖ అది చూసి నవ్వుతూ ఎదురొచ్చి తమ్ముణ్ణి కౌగలించుకుంది. ముప్పయ్యేళ్ళు నిండకుండానే రాజ్యభారం మోస్తున్న మనిషి, మూడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలని చెలికత్తెలు చెప్పుకున్నారు.

తొమ్మిదో గరిసె ముంగిట సభ తీరింది. కుంకుమరాయితో కట్టి, గోడల మీద వరికంకుల చెక్కడాలు పొదిగి, శిఖరాన బంగారు కలశం నిలిపిన గొప్ప కట్టడం అది. కింద ఏనుగు పట్టేంత తలుపు, పైన కప్పులో మనిషి పట్టేంత మూత. ఇప్పుడు ఆ చెక్కడాలేవీ కనిపించడం లేదు. గోడలన్నీ నల్లగా కదులుతున్నాయి. ఎనిమిదో గరిసె ఊడ్చి ఆ పొద్దునే ఇటు మళ్ళిన ముక్కపురుగులు లోపలికి పోయే సందు కోసం వరసలు కట్టి కాచుకుని ఉన్నాయి.

గరిసెల నాయకుడు భూపన్న పెద్ద బొజ్జ, అంతకన్నా పెద్ద బట్టతల గల మంచివాడు. ఆచారమంటే అతనికి ప్రాణం. గింజకు ఊపిరాడాలని రోజూ పొద్దున్నే డప్పులు కొట్టించి తొమ్మిది గరిసెల తలుపులూ బార్లా తెరిచి హారతి ఇవ్వడం వాళ్ళ తాతల నాటి అలవాటు. పురుగుల పీడ వచ్చాక కూడా అది మానలేదు. పైగా నెల క్రితం కోటకు వచ్చిన ఒక మౌనసిద్ధుడు ఆ హారతి పూటకొకసారి చొప్పున మూడుసార్లు ఇమ్మన్నాడు. ఆ సిద్ధుడు మాట్లాడడు. బూడిద పరిచిన పలక మీద వేలితో రాస్తాడు. ఇప్పుడు కూడా మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, తైలం తగిలితే విత్తనం అపవిత్రమని రాసి అందరికీ చూపించాడు. భూపన్న తల ఊపాడు.

దవనమ్మ వాదించలేదు. పెద్ద చేట ఒకటి తెప్పించి, ఎడమ సగాన మామూలు వడ్లు, కుడి సగాన బుడ్డి మూత తుడిచిన గుడ్డతో రుద్దిన వడ్లు పోసింది. నడిమధ్య గీతలో దోసెడు ముక్కపురుగులు వదిలింది. సభంతా మెడలు చాచి చూసింది. పురుగులు తొండాలెత్తి కుడివైపు రెండడుగులు వేశాయి. ఆగాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ వెనక్కి తిరిగాయి. కాసేపటికి కుడి సగంలో ఒక్కటంటే ఒక్కటి లేదు. చేట తిప్పి పెట్టినా మళ్ళీ అంతే. మూడోసారి భూపన్న స్వయంగా పురుగులు వదిలాడు. అవి అతని చేతిలోంచే తిరిగి పారిపోయాయి. ఎందుకంటే ఆ చెయ్యి అప్పటికే తైలం గుడ్డను తాకి ఉంది.

జనం హోరెత్తారు. భూపన్న దవనమ్మ కాళ్ళకు మొక్కాడు. మహారాణి ఆవిడ ఎలా చెబితే అలా జరగాలని ఆజ్ఞ ఇచ్చింది. దవనమ్మ బుడ్డిని భూపన్న చేతిలో పెట్టి, ప్రాణం లాగా చూసుకోమని, తాను కొత్త నేతగుడ్డలు తెచ్చి, మట్టీ పేడా ఊకా కలిపి తొక్కించి వస్తానని వెళ్ళింది. మణికేతుణ్ణి అక్క భోజనానికి లాక్కుపోయింది.

ఇక్కడే కొంప మునిగింది. శాలివాటి వాళ్ళు తమకు మేలు చేసిన దేన్నయినా ఊరికే వాడుకోరు. కొత్త నాగలి వచ్చినా, బావిలో నీళ్ళు పడినా, దానికి మేళతాళాలతో పూజ, పైన అభిషేకం. ప్రాణం లాగా చూసుకోమంటే భూపన్నకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కుంకుమశాలి రాశి మీద తైలాభిషేకం చేయిస్తే పురుగు ఏడు తరాల దాకా రాదని అతనికి గట్టి నమ్మకం కలిగింది. డప్పులు మోగాయి. సన్నాయి అందుకుంది. వెండిపళ్ళెంలో తైలం వంచి, విత్తనపు రాశి నెత్తిన ధారగా పోసి, మిగిలింది తీర్థమంటూ వచ్చినవాళ్ళందరికీ నెత్తిన అద్దాడు. వంటింట్లో నాలుగో పూర్ణం అందుకుంటున్న మణికేతుడు డప్పులు విని, కోటలో మళ్ళీ సంబరం వచ్చింది కదా అని సంతోషించాడు. పాపం, అతనికీ అభిషేకం సహజంగానే తోచింది.

దవనమ్మ బురద కాళ్ళతో తిరిగి వచ్చి ఖాళీ బుడ్డిని తలకిందులు చేసి చూసింది.

"ఎంత పని చేశావయ్యా పెద్దమనిషీ. నూనె గింజ మీద పొయ్యడానికి కాదు. అంత ఘాటు తాగిన గింజ మొలకెత్తదు. గుడ్డలకు తడిపి పైన కట్టాలి, తలుపులు మూసెయ్యాలి. వాసన లోపల నిండాలి, గింజకు నూనె తగలకూడదు."

భూపన్న అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తొమ్మిది తరాల కాపలా తన చేత్తో మంటగలిసిందని తల బాదుకున్నాడు. మణికేతుడికి అంతకన్నా సిగ్గేసింది. లోయలో ఆవిడ పక్కన కూర్చుని పని చేసినవాడు, తనకు తెలిసి ఉండవలసింది.

దవనమ్మ మాత్రం ఎక్కువసేపు కోప్పడే మనిషి కాదు. రాశి నెత్తిన తడిసిన పొరంతా తీయించింది. పది తట్టల విత్తనం పోయింది గానీ కిందిది పొడిగా, ఎర్రగా మెరుస్తూ ఉంది. ఇక తైలం సంగతి. అది ఎక్కడికీ పోలేదని, ఊరి నెత్తి మీదే ఉందని ఆవిడ అంది. ఆ మాటతో గరిసెకోట చరిత్రలో ముందెన్నడూ జరగని వేడుక మొదలైంది. చెలికత్తెలు మొదలుకుని డప్పులవాళ్ళ దాకా అందరూ వరసగా తలలు వంచి నిలబడ్డారు. దవనమ్మ పొడి నేతగుడ్డలతో ఒక్కొక్క నెత్తీ అద్ది అద్ది తైలం తీసింది. వెండిపళ్ళెం తుడిచింది. సన్నాయి వాద్యగాడి మీసం తుడిచింది. భూపన్న బట్టతల ఒక్కటే మూడు గుడ్డలకు సరిపడా ఇచ్చింది. అతను ఏడుపు మధ్యలోనే నవ్వాడు. అంతమందీ నవ్వారు.

నవ్వుతూనే మణికేతుడు ఒక విషయం గమనించాడు. వరసలో మౌనసిద్ధుడు లేడు. అతను తీర్థం పుచ్చుకోలేదు. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా జరుగుతూ, ముక్కు మూసుకుని, గరిసె తలుపు దగ్గర తచ్చాడుతున్నాడు. చేటలో పురుగులు వెనక్కి తిరిగినప్పుడు కూడా అతను సరిగ్గా అలాగే వెనక్కి తగ్గాడని రాజకుమారుడికి స్ఫురించింది. జనాన్ని తప్పించుకుని అటు నడిచేసరికి అక్కడ పలకా బూడిదా మాత్రమే ఉన్నాయి. మనిషి లేడు. సిద్ధుడు జపానికి పోయి ఉంటాడని భటులన్నారు.

వెతకడానికి వ్యవధి లేదు. తైలం గుడ్డల్లోంచి గాలికి ఎగిరిపోతోంది. దవనమ్మ తొందర పెట్టింది. పద్నాలుగు గుడ్డలను రాశికి తగలకుండా దూలాలకు వేలాడదీశారు. పెద్ద తలుపు మూసి, సందు లేకుండా మట్టి మెత్తారు. పైమూతకు కూడా అంతే. మహారాణి తన ముద్ర ఉంగరంతో తడిమట్టి మీద ఒత్తి, ఏరువాక ఉదయం వరకూ ఈ తలుపు ఎవరు తెరిచినా, తానే తెరిచినా, రాజద్రోహమని చాటించింది. రేపు పొద్దున హారతి ఎలాగని భూపన్న నసిగాడు. మహారాణి చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు.

మట్టి ఆరుతున్నకొద్దీ గోడల మీది నలుపు కదిలింది. ముక్కపురుగుల వరసలు విడిపోయి ఒక్కొక్క మూరే వెనక్కి తగ్గుతూ, మొదట తలుపు చుట్టూ చెక్కడాలు, తర్వాత వరికంకులు, చివరకు శిఖరం దాకా ఎర్రరాయి బయటపడింది. జనం ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు లోపలి నుంచి ఎవరో తలుపు బాదారు. దాని వెనకే ఒక తుమ్ము వినిపించింది.

"తెరవండి," అంది గొంతు. "తెరవకపోతే ఈ రాశికి నిప్పు పెడతాను."

మౌనసిద్ధుడికి మాటలొచ్చాయి. ఆ గొంతు ఎవరిదో కోటలో ముసలివాళ్ళకు తెలుసు. భూపన్న ఘుణభైరవుడని చెప్పాడు. జరిగింది ఒక్క క్షణంలో అందరికీ అర్థమైంది. మాంత్రికుడు ముక్కపురుగు రూపం ధరించి గుడ్డలు కట్టకముందే తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి దూరాడు. శాలివాటి వాళ్ళు ప్రాణం పోయినా పొద్దుటి హారతి మానరని, తలుపు తెరుచుకోగానే లోపలి నుంచి తన దండును పిలుచుకోవచ్చని వాడి లెక్క. తలుపు తెరవని రోజు ఒకటి వస్తుందని వాడి ఊహకు అందలేదు. ఇక లోపల నిండిన ఘాటుకు తుమ్ము వచ్చి పురుగు రూపం చెదిరింది. మనిషై పోయాడు. మనిషికి మళ్ళీ పురుగు కావాలంటే మంత్రం పూర్తిగా చదవాలి; చదివితే వాడే కాదు, వాణ్ణి పట్టుకున్న వాళ్ళూ పురుగులవుతారు. చదవబోతే తుమ్ము వస్తోంది.

తుమ్ములు రెండు వినిపించేసరికి జనంలో కొందరు పకపకా నవ్వారు. మహారాణి నవ్వలేదు. తలుపు తెరిస్తే వాసన పోతుంది, వెనక్కి తగ్గిన లక్షల పురుగులు మళ్ళీ కమ్ముకుంటాయి, మరో చుక్క తైలం లోకంలో లేదు. తెరవకపోతే వాడు చెకుముకి రాయి గీస్తాడు. రెండు దారుల్లోనూ విత్తనం పోతుంది. మొదటి దారిలో వాడి నడుముకున్న పిడికెడైనా మిగులుతుంది, రెండోదాంట్లో అదీ మిగలదు.

మణికేతుడు అప్పటికే అంగరఖా విప్పేశాడు.

"అక్కా, పైమూత ఒక్క రెప్పపాటు తీయించు. నేను దిగగానే మట్టి కొట్టించు."

"దిగాక నీ ముద్ర కూడా చెల్లదు తమ్ముడూ. అయిదు రోజులు తియ్యను."

"తియ్యొద్దనే చెబుతున్నాను."

హేమలేఖ అతని భుజాలు పట్టుకుంది. తల్లి పోయినప్పుడు ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వద్దని నోటిదాకా వచ్చింది. ఆ మాట మింగేసి, మొలలోని చిన్న బాకు తీసి అతని నడుముకు తానే కట్టింది. దవనమ్మ భూపన్న నెత్తి తుడిచిన గుడ్డల్లో, దూలానికి కట్టడానికి చాలదని పక్కన పడేసిన కడపటిది తెచ్చి, రాజకుమారుడి చేతులకూ వీపుకూ బరబరా రుద్దింది. వాడి పట్టుకు దొరక్కుండా జారిపోతావని, ఘాటుకు కళ్ళు మండినా మూసుకోవద్దని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ ఒరేయ్ మల్లా అనే పిలిచింది.

నిచ్చెన మీద నలుగురు మట్టి తట్టలతో సిద్ధంగా నిలబడ్డారు. భూపన్న రెండు చేతులతో మూతను పట్టుకున్నాడు. మణికేతుడు తల ఊపాడు. మూత లేచింది, రాజకుమారుడు బావిలోకి దూకినట్టు దూకాడు, మూత పడింది. లోపల వడ్ల మీద మనిషి పడిన మెత్తని చప్పుడు వినిపించేలోగా మట్టి మెత్తేశారు. మహారాణి నిచ్చెనెక్కి ముద్ర ఒత్తింది.

దిగి వచ్చి తలుపుకు చెవి ఆనించింది. లోపల చెకుముకి రాయి ఒకసారి గీసిన శబ్దం. వెంటనే రెండు ఒళ్ళు ఢీకొన్న శబ్దం, ఏదో దొర్లిపోయిన శబ్దం. మాంత్రికుడు మంత్రం అందుకున్నాడు. మూడు మాటలు చదివాడో లేదో పెద్ద తుమ్ము. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ తుమ్ము. మణికేతుడి నవ్వు వినిపించింది, చిన్నప్పుడు ఉట్టి కొట్టినప్పుడు నవ్విన నవ్వే. దొరికింది, సంచి దొరికిందని అరిచాడు. బయట జనమంతా ఒక్కసారి కేక పెట్టారు.

మూడోసారి మంత్రం మొదలైంది. ఈసారి తుమ్ము రాలేదు. మాంత్రికుడు ముక్కు మూసుకున్న గొంతుతో ఒక్కొక్క మాటే నిదానంగా, చివరిదాకా చదివాడు. మణికేతుడి నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత గరిసెలో ఏ చప్పుడూ లేదు. ఇద్దరు మనుషులు ఉండవలసిన చోట వడ్ల మీద ఏదో చిన్నది, కాదు, రెండు చిన్నవి, గరగరమని పాకుతున్నట్టు మాత్రం వినిపించింది.

హేమలేఖ చెయ్యి తనంత తానే తడిమట్టి మీదికి, తన ముద్ర మీదికి వెళ్ళింది. దవనమ్మ గబగబా వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. కుంకుమశాలి తన పక్కనే, గోడకు అవతల, పొడిగా క్షేమంగా ఉంది. మహారాణి మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. తలుపుకు వీపు ఆనించి, అక్కడే నేల మీద కూర్చుని, ఏరువాక దాకా తాను ఇక్కడి నుంచి లేవనని చెప్పి, భూపన్నను ఒక చేట తెమ్మంది.

ఏరువాక నాడు తలుపు తెరిచాక చేటలో వేసే రెండు పురుగుల్లో, తైలానికి జంకనిదేదో చూసి తన తమ్ముణ్ణి తేల్చుకోవలసింది ఇక ఆమే.